సూదిమందునకు మారుగా సూదుల పట్టీ

చేలగట్ల కంచెలపై ప్రాకు దూలగొండి తీగను ఎరుగని రైతు మన ప్రాంతమున అరుదు. దాని కాయపై బంగారు వన్నెగల మెత్తని నూగు ఉండును. ఆ నూగు చేతికి సోకినచో కలుగు దురద యెట్టిదో అనుభవించినవారికే తెలియును. కంటికి నూగువలె కనబడునదే గాని, అందలి ప్రతి రోమమును నిజమునకు ఒక సూది. అది చర్మపు పైపొరను దాటి రవంత లోనికి దిగి, తనయందున్న ఒక మాంసకృత్తును అచట విడిచిపెట్టును. గ్రుచ్చుకొన్నట్లు తోచదు, రక్తపు బొట్టు కానరాదు, దురద మాత్రము పుట్టును.

దూలగొండి దురదను చేర్చినట్లే, టీకానో మందునో చర్మములోనికి చేర్చగల సన్నని సూదుల వరుసను మనుష్యుడు తయారు చేయలేడా? ఈ ఊహ క్రొత్తది కాదు. అమెరికాలో గెర్‌స్టెల్, ప్లేస్ అను నిరువురు 1976లోనే దీనిపై పేటెంటు హక్కు పొందిరి. కాని అంత చిన్న సూదులను చెక్కగల పనిముట్లు అప్పటికి లేవు. కంప్యూటరు చిప్పుల తయారీకై సిలికాను పలకలను అతి సూక్ష్మముగా చెక్కు విద్య వృద్ధియైన పిమ్మట, 1998లో జార్జియా టెక్ విద్యాసంస్థలో ప్రౌస్‌నిట్జ్, ఆతని సహచరులును మిల్లీమీటరులో ఏడవవంతు పొడవు గల సూదుల పలకను చేసి చూపిరి. ఆ సూదులు దిగిన చర్మము, మామూలుగా తనలోనికి రానీయని పదార్థమును వెయ్యిరెట్లకు మించి రానిచ్చినదని ప్రయోగశాలలో తేలెను. అప్పటినుండి వీనికి మైక్రోనీడిల్సు అను పేరు స్థిరపడినది. మనము సూక్ష్మసూదులందము. తపాలా బిళ్ళంత పట్టీమీద నూరు సూదులు, ఒక్కొక్కటి మిల్లీమీటరుకంటె పొట్టివి, వరుసలుగా నిలిచియుండును. దానిని చర్మముపై నొక్కి, కొన్ని నిమిషము లుంచి తీసివేయుదురు.

ఇది పట్టణపు ప్రయోగశాలల విషయము, పల్లెవాసులకు దీనితో నేమి పని యని కొందరు తలపవచ్చును. ఈ సూదులవలన అందరికంటె ఎక్కువ మేలు పొందదగినది తెనాలి, బాపట్ల, రేపల్లెల వంటి ప్రాంతములందలి పల్లెలేయని మా అభిప్రాయము.

మంచుపెట్టె ప్రయాణము

కృష్ణ పశ్చిమ డెల్టాలోని ఒక ఉపకేంద్రమునకు టీకా చేరు దారిని తలచుకొనుడు. జిల్లా గిడ్డంగి నుండి ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు శీతలపేటికకు, అచటినుండి నాలుగు మంచుగడ్డల సంచులమర్చిన చిన్న పెట్టెలో ఊరికి, అది ప్రయాణము చేయును. దారిపొడవునను 2 నుండి 8 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ చల్లదన ముండవలెను. తట్టు, రుబెల్లా టీకా వేడికి చెడును. కామెర్ల టీకా, ఐదు వ్యాధుల టీకా గడ్డకట్టిన చెడును. ఒకదానికి వేడి శత్రువు, మరియొకదానికి అతిశీతలము శత్రువు. రెంటిని ఒకే పెట్టెలో మోసికొనిపోవు ఏ.ఎన్.ఎం. సోదరీమణుల జాగరూకతను మనము సామాన్యముగా గుర్తింపము.

మామూలు దినములందే ఇది శ్రమతో కూడినది. ఇక తుపాను దినములమాట చెప్పనేల? 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను రేపల్లె, బాపట్ల తీరములందలి పెద్దలు నేటికిని మరువలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దాపుననే తీరము దాటినది. 2024 సెప్టెంబరు ఆరంభమున ప్రకాశం బ్యారేజినుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరదనీరు దిగువకు సాగి, లంకగ్రామములను ముంచెత్తినది. అట్టి వేళ విద్యుత్తు నిలిచిపోవును, దారులు తెగిపోవును, మంచు కరుగును.

ఇంకొక చిక్కు కలదు. తట్టు, రుబెల్లా టీకా పొడిగా వచ్చును. ఒక్క సీసాలో పలువురు బిడ్డలకు సరిపడు మోతాదు లుండును. దానిలో ద్రవము కలిపిన పిమ్మట నాలుగు గంటలలో వాడవలెను, మిగిలినది పారవేయవలెను. ఊరిలో ఆనాడు ఇద్దరే బిడ్డలున్నను సీసా విప్పక తప్పదు. లంకలో రెండే ఇండ్లవారికై పడవపై పోయిన కార్యకర్త, విప్పిన సీసాలో పెక్కుభాగమును వృథా చేయవలసి వచ్చును. ఒక్కొక్క పట్టీలో ఒక్క బిడ్డకు సరిపడు టీకాయే పొడిరూపమున నిలువయుండి, అది కొన్ని దినములపాటు మంచు లేకున్నను చెడనిదైనచో, ఈ కష్టములలో చాలవరకు తొలగును. ద్రవము కలుపుటలో పొరపాటు జరుగు భయమును ఉండదు.

గోరింటాకు, పచ్చబొట్టు

ఈ సూదులను రూపొందించుటకు ముందు చర్మపు కట్టడమును తెలిసికొనవలెను. మన స్త్రీలకు ఇది అనుభవముచే తెలిసినదే. ఆషాఢమాసమున పెట్టుకొన్న గోరింటాకు రెండు మూడు వారములలో వెలిసిపోవును. ముంజేతిపై పొడిపించుకొన్న పచ్చబొట్టు జన్మాంతము నిలుచును. రెండును రంగులే, భేదమెక్కడ నున్నది? లోతులో నున్నది.

చర్మమునకు మీదనున్నది నిర్జీవమైన కణముల పొర. అరచేతులలోను అరికాళ్ళలోను ఇది దళసరి. తక్కినచోట్ల 10 నుండి 20 మైక్రానుల మందము మాత్రమే. మిల్లీమీటరులో వెయ్యవవంతు ఒక మైక్రాను. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. వెండ్రుకలో మూడవవంతు లేని యీ పొరయే మన శరీరమునకు కోటగోడ. గోరింటాకు ఎరుపు దీనిలోనే పట్టును. ఈ కణములు రాలిపోవుకొలది రంగు పోవును. దాని క్రింద సజీవకణముల పొర యున్నది. అది చాలచోట్ల మిల్లీమీటరులో పదవవంతు, అంతకు కొంచెము హెచ్చుతగ్గులు. దానికిని క్రింద నున్నది అసలు చర్మము. రక్తనాళములు, నొప్పి తెలుపు నాడులలో పెక్కులు అచటనున్నవి. పచ్చబొట్టు సూది సిరాను అక్కడకు దింపును గనుకనే అది చెరగదు.

పైపొరను దాటి తమంతట తాము లోనికి పోగల మందులు కొలదివి మాత్రమే. అణువు మిక్కిలి చిన్నదై, నూనెలో కరుగునట్టిదైన కొంత వెళ్ళును. పొగాకు మాన్పించుటకు వాడు నికోటిన్ పట్టీలు అట్టివే. టీకాలోని కణములు వానికంటె ఎన్నో రెట్లు పెద్దవి. వానికి ద్వారము తెరువవలసినదే.

ద్వారము దాటిన వెంటనే కావలివాండ్రున్నారు. సజీవపొరలో శాఖోపశాఖలుగా చేతులు చాచిన కణములను 1868లో లాంగర్‌హాన్స్ అను జర్మను వైద్యవిద్యార్థి కనుగొనెను. అన్యపదార్థమేది లోనికి వచ్చినను పట్టి, దాని ఆనవాలును దేహరక్షక కణములకు చూపించుటయే వాని పని. కండరములో ఇట్టి కావలి పలుచన, చర్మములో దట్టము. అందుచేత కొన్ని టీకాలు చర్మములో ఇచ్చినపుడు తక్కువ మందుతోనే పని నెరవేరును.

ఈ సంగతికి మన తెలుగుసీమయే సాక్ష్యము. పూర్వము మశూచికపు టీకాలు చేతిపై గీరియు, పొడిచియు వేసినవి చర్మములోనికే. మనదేశమున క్షయవ్యాధికి బి.సి.జి. టీకా ఆరంభమైనది 1948లో మదనపల్లెయందు. అదియు చర్మములోని టీకాయే. సమీపకాలపు ఉదాహరణము పోలియోది. పోలియో సూదిమందునకు ప్రపంచమంతట కొరత యేర్పడగా, 2016లో మనదేశము కండరములో 0.5 మిల్లీలీటరు ఇచ్చుటకు మారుగా, చర్మములో 0.1 మిల్లీలీటరు, అనగా ఐదవవంతు, ఇచ్చు పద్ధతిని కొన్ని రాష్ట్రములలో మొదలిడెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు ఆ మొదటి రాష్ట్రములలో నున్నవి. ఆ యేడు జూనులో, హైదరాబాదు మురుగునీటిలో టీకానుండి మార్పుచెందిన రెండవరకపు పోలియో విషక్రిమి కనబడగా, వారము దినములలో మూడులక్షలకు పైగా పిల్లలకు ఈ ఐదవవంతు మోతాదునే చర్మములో వేసిరి. ఆరవ వారమునను, పదునాలుగవ వారమునను ఇట్లు రెండుమారు లిచ్చినచో, ఒక్కమారు పూర్తి మోతాదు ఇచ్చినదానికంటె మిన్నగా పనిచేయునని పరీక్షలలో తేలినది. 2023 నుండి తొమ్మిదవ నెలలో మూడవమారును ఇచ్చుచున్నారు. తెనాలి, బాపట్ల, రేపల్లె తాలూకాలలో ఈ యేండ్లలో పుట్టిన బిడ్డల చేతులపై ఈ పద్ధతియే నడచినది.

ఐతే చర్మములో సూది వేయుట చేయితిరిగినవారి పని. సూదిని దాదాపు చర్మమునకు సమాంతరముగా పట్టి, పైపొర క్రిందనే జొప్పించి, కందిగింజవలె బొబ్బ లేచునట్లు మందు ఎక్కింపవలెను. ఏడ్చుచు పెనగులాడు పసిబిడ్డ చేయి రవంత కదలినను సూది లోతునకు దిగిపోవును, బొబ్బ లేవదు, ఐదవవంతు మందు చాలవలసినచోట చాలకపోవును. సూక్ష్మసూది పట్టీలో లోతును నిర్ణయించునది కార్యకర్త చేయి కాదు, సూది పొడవే.

సూది ఎంత పొడవుండవలెను?

పొడవు 100 మైక్రానులున్న చాలును గదా, పైపొర 20 మైక్రానులేగదా యని తోచును. కాని చర్మము చెక్కపలక కాదు, సాగును, లొంగును. సూదిని నొక్కినపుడు మొదట చర్మము గుంటపడి సూదితోపాటు క్రిందికి పోవును. పిదప తెగి దారి యిచ్చును. కావున సూది పొడవులో కొంతభాగమే లోనికి దిగును. ఇందుచేత టీకాపట్టీల సూదులు తరచుగా 500 నుండి 900 మైక్రానుల పొడవున చేయబడుచున్నవి.

మరి పొడవు పెంచుకొనుచు పోయిన? నొప్పి పెరుగును. 2008లో ప్రచురింపబడిన యొక పరీక్షలో స్వచ్ఛందముగా ముందుకు వచ్చినవారిపై వేర్వేరు కొలతల సూదులను పరీక్షించిరి. పొడవును 480 మైక్రానులనుండి 1450కి, అనగా మూడురెట్లు చేయగా నొప్పి ఏడురెట్లాయెను. సూదుల సంఖ్యను పదిరెట్లు చేసినను నొప్పి రెండురెట్లకు కొంచెము మించి మాత్రమే పెరిగెను. ఎంత పొడవైన సూక్ష్మసూదియైనను మామూలు సూదిమందు నొప్పిలో సగముకూడ లేదు. నమూనా తయారుచేయువారికి దీనివలన తెలియున దేమనగా: మందు చాలనిచో సూదులను పొడిగింపరాదు, సంఖ్యను పెంచవలెను.

సంఖ్య పెంచుటకును మేర కలదు. జాతరలలో మేకులు దట్టముగా కొట్టిన పలకపై పరుండు సాధువును చూచినవారికి ఈ రహస్యము తెలియగలదు. ఒక్క మేకుపై కాలు మోపిన దిగబడును. వెయ్యి మేకులపై ఒడలు వాల్చిన ఒక్కటియు దిగదు, ఏలయన బరువు అన్నిటికి పంపకమగును. సూక్ష్మసూదులు ఒకదాని కొకటి మిక్కిలి దగ్గరగా నున్నచో చర్మము వానిమీద పరుపువలె నిలిచిపోవును. కావున నడుమ తగినంత ఎడము విడువవలెను.

కొన వాడిగా నుండవలెను. కొన మొద్దుబారిన కొలది దానిని దింపుటకు వలయు బలము హెచ్చును. ఆ బలమునకు సూది విరుగవచ్చును. అందుచేత నిర్మాతలు రెండు బలములను వేరువేరుగా కొలుతురు: సూది చర్మములోనికి దిగుటకు వలయు బలము, సూది విరుగుటకు వలయు బలము. రెండవది మొదటిదానికి అనేకరెట్లుండిననే ఆ నమూనాను అంగీకరింతురు. అడుగు వెడల్పైన సూది గట్టిది, కాని దిగుట కష్టము. సన్ననిది సులువుగా దిగును, కాని వంగును. ఎద్దులబండి ఇరుసు చేయు వడ్రంగికిని ఇట్టి బేరమే తటస్థించును. ఒత్తుటలోను జాగ్రత్త వలయును. బలశాలి బొటనవ్రేలికి, ముసలమ్మ బొటనవ్రేలికి భేదముండును గదా! అందుకై చాలినంత ఒత్తినపుడు టక్కుమని చప్పుడగు అమరికను కొన్ని పట్టీలలో పెట్టియున్నారు.

పంచదార చిలకల అచ్చు

సూక్ష్మసూదులలో పలురకములున్నవి. కొన్ని లోహపు సూదులు రంధ్రములు మాత్రము చేయును. మందును పైన పూయవలెను. కొన్నిటికి మందు పూతగా పట్టించియుందురు. కొన్ని బోలుగా నుండి ద్రవమును పంపును. పల్లెలకు అన్నిటికంటె పనికివచ్చునవి కరిగిపోవు సూదులేయని మాకు తోచుచున్నది. వీనిని చక్కెరలతోను, నీటిలో కరుగు జిగురు పదార్థములతోను చేయుదురు. చర్మములోని తేమకు సూది కరిగి, తనలోని టీకాను విడిచి తానును మాయమగును. పారవేయుటకు వాడిసూది మిగులదు. వాడినదానిని మరియొకరికి వాడు ప్రమాదమును ఉండదు.

వీని తయారీకి మన యింటి పోలిక యొకటి సరిపోవును. సంక్రాంతికి చేయు పంచదార చిలకలకు చెక్క అచ్చులో పాకము పోసి, ఆరిన పిదప అచ్చు విప్పుదురు. సూక్ష్మసూదులకును అంతే, రబ్బరువలె వంగు సిలికోను అచ్చులో సూది ఆకారపు గుంటలుండును. ఐతే రెండు భేదములున్నవి. చిలకకు పాకము కాచవలెను. టీకా కలిపిన ద్రావణమును కాచిన టీకా నశించును. కావున దానిని చల్లగా, నెమ్మదిగా ఆరబెట్టవలెను. రెండవది, చిలక అచ్చు పెద్దది, పాకము తనంత తాను నిండును. వెండ్రుకవాసి గుంటలో గాలి చిక్కుకొని ద్రవమును దిగనీయదు. అందుకై అచ్చును గాలి తీసివేయు పాత్రలో నుంచుదురు, లేదా మీగడ తీయు యంత్రమువలె గిరగిర త్రిప్పి ద్రవమును అడుగునకు దింపుదురు. టీకాద్రావణమును కొనలలోనే నింపి, అది ఆరిన పిదప పీఠమునకు టీకాలేని జిగురును పోయుదురు. సూది మొదలు చర్మములోనికి దిగదు గనుక అచటనున్న టీకా వ్యర్థమగును; అందుకై యీ రెండు పోతల పద్ధతి.

చక్కెర ఇచట తీపికై కాదు. వడియమును ఎండించిన యేడాది నిలుచును, పచ్చిపిండి మరునాటికే పులియును. నీరు తొలగిన మార్పులు ఆగును. టీకాలోని మాంసకృత్తులు నీరు పోయినపుడు ముడుచుకొని పాడగును గాని, వాని చుట్టును చక్కెర గాజువలె బిగిసికొన్నచో ఆకారము చెడక నిలుచును. అమెరికాలో అట్లాంటా నగరమున నూరుమంది పెద్దలతో జరిపి 2017లో ప్రకటించిన ఫ్లూ టీకాపట్టీ పరీక్షలో, ఆ పట్టీలు 40 డిగ్రీల వేడిమియందు ఒక యేడాది యుంచినను చెడలేదని తెలిసెను. మే నెలలో మన తీరపు ఎండ యెంతయో మనకు తెలియును గనుక, ఈ అంకె విలువను వేరుగ చెప్పనక్కరలేదు. అన్ని టీకాలును ఇంత ఓర్వలేవు. తట్టు టీకాలో నున్నది సజీవమైన, బలహీనపరచిన విషక్రిమి. దానిని కాపాడుట మరింత కష్టము.

చక్కెరకు ఒక దోషమున్నది. నిజాంపట్నము, సూర్యలంకల వంటి సముద్రతీరమున పటికబెల్లమును మూతలేక ఉంచిన గాలిలోని తేమకు జిగటయగును. ఈ సూదులును అంతే. తేమ పట్టిన సూది మెత్తబడి చర్మముపై వంగును గాని దిగదు. కావున తేమ చొరని రేకుసంచిలో, తేమ పీల్చు పొడితో సహా, ఒక్కొక్క పట్టీని విడివిడిగా మూసియుంచవలెను. విప్పిన వెంటనే వాడవలెను. చల్లదనపు బాధ తగ్గినంతలో జాగ్రత్త అంతయు పోదు. మంచుపెట్టె కాపలాకు మారుగా సంచి కాపలా వచ్చును. డెల్టావంటి తేమగల ప్రాంతములలో పరీక్షింపక ఏ పట్టీని మనకు తగినదని ఒప్పరాదు.

ఎంత మందు పట్టును?

ఉత్సాహమునకు అడ్డుకట్టగా ఒక చిన్న లెక్క వేయుదము. అడుగున 0.2 మిల్లీమీటరు చదరము, ఎత్తు 0.6 మిల్లీమీటరు గల కోపుర సూది పరిమాణము 0.008 ఘనమిల్లీమీటరులు. నూరు సూదులకు 0.8. ఒక నీటిబొట్టు సుమారు 50 ఘనమిల్లీమీటరులు. నూరు సూదులును కలిసి బొట్టులో అరువదవవంతుకూడ కావు. వాని మొత్తపు బరువు సుమారు ఒక మిల్లీగ్రాము. అందులో చక్కెర, జిగురు పోగా మందు మరియు తక్కువ. టీకాలకు ఇది చాలును. ఏలయన సీసాలో మనకు కనబడు ద్రవములో నీరే యెక్కువ, అసలు సరుకు మైక్రోగ్రాములలో నుండును. కాని జ్వరమునకు వేసికొను 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ బిళ్ళకు బదులు పట్టీ వేయవలెనన్న, సూదులన్నియు మందుతోనే చేసినను, అట్టి పట్టీలు అయిదువందలు కావలెను! కనుక అన్ని మందులకును ఇది మార్గమని ఎవరైన చెప్పిన నమ్మరాదు. మధుమేహమునకు వాడు ఇన్సులిన్ స్వల్పపరిమాణములోనే పనిచేయును గనుక దానిపైన కృషి జరుగుచున్నది. ఐతే అది దినదినము, ఆహారమును బట్టి మోతాదు మార్చవలసిన మందు. అచ్చుపోసిన పట్టీకి ఆ సవరణ కష్టము.

అంగళ్ళలో సౌందర్యమునకని అమ్ము ముండ్ల ఉరుళ్ళను, పేరులేని సూదుల పట్టీలను గూర్చి ఒక హెచ్చరిక. శుద్ధిచేయని సూది చర్మపు కోటగోడకు వందలాది రంధ్రములు పొడిచి రోగక్రిములకు దారి తీయును. ఒకరు వాడినది మరియొకరు వాడినచో కామెర్ల వ్యాధి, ఎయిడ్సు వ్యాధిక్రిమి సోకవచ్చును. ఈ వ్యాసమున చెప్పుచున్నది వానిని గురించి కాదు.

పసిబిడ్డలపై పరీక్ష

2024లో లాన్సెట్ వైద్యపత్రికలో వెలువడిన ఫలితములు ఈ రంగమున ముఖ్యమైనవి. ఆఫ్రికాలోని గాంబియా దేశమున 45 మంది పెద్దలకు, ఏడాది దాటిన 120 మంది పిల్లలకు, తొమ్మిది పది నెలల 120 మంది శిశువులకు తట్టు, రుబెల్లా టీకా పరీక్ష జరిగినది. కొందరికి పట్టీ, కొందరికి మామూలు సూదిమందు. పట్టీని ఐదు నిమిషము లుంచిరి. ఆపదయేదియు తటస్థింపలేదు. పట్టీ వేసిన శిశువులలో రోగనిరోధక శక్తి ఏర్పడుట సూదిమందు పొందినవారిలో వలెనే యుండెను. ఆ పట్టీలోని టీకా సరుకు మన పూణాలోని సీరమ్ సంస్థ ఉత్పత్తియే యనుట గమనింపదగినది. ఐతే పరీక్షలో పాల్గొన్నవారు మూడువందలలోపే. వేలమంది శిశువులపై పరీక్ష జరిపి, అరుదైన దుష్ఫలితములను గమనించి, లక్షల సంఖ్యలో శుచిగా, చౌకగా తయారుచేయు కర్మాగారము లేర్పడినగాని ప్రభుత్వములు దీనిని చేపట్టజాలవు. మన ఉపకేంద్రములకు వచ్చువరకు, తొమ్మిది నెలలు నిండగానే ఒకమారు, పదునారు నుండి ఇరువదినాలుగు నెలల నడుమ మరియొకమారు, ఇపుడున్న సూదిమందునే బిడ్డలకు వేయింపవలెను. పట్టీ వచ్చునని ఆగిన బిడ్డకు తట్టు ఆగదు.

మన తెలుగునాటను ఈ కృషి లేకపోలేదు. హైదరాబాదులోని బిట్స్ పిలానీ ప్రాంగణమున సూక్ష్మసూదులపై పరిశోధనలు జరిగినవి. బాపట్లలో ఫార్మసీ కళాశాల యున్నది. ఇట్టి కళాశాలల విద్యార్థులు ఖరీదైన యంత్రములు లేకయే మొదలిడదగిన పరీక్షలు కొన్ని కలవు. ప్రయోగశాల సీసాలకు చుట్టెడు మైనపుపొరను ఎనిమిది మడతలు వేసి, దానిపై సూదులను నొక్కి, ఏ మడతలో ఎన్ని రంధ్రములు పడినవో లెక్కించినచో సూది దిగు లోతు తెలియును. ఒక్కొక్క పొర మందము మిల్లీమీటరులో ఎనిమిదవవంతు. తరువాత పంది చెవి చర్మముపై నొక్కి, నీలిరంగు అద్ది, చుక్కలు లెక్కింతురు. నూరు సూదులకు నూరు నీలిచుక్కలు కనబడినచో సూదులన్నియు పైపొరను దాటినట్లు. తేమగాలిలో గంట, రెండు గంటలు, ఒక దినము ఉంచిన పట్టీలతో ఇదే పరీక్షను మరల చేసిన, మన తీరపు గాలికి ఏ చక్కెర, ఏ జిగురు ఓర్చునో తేలును. ఈ లెక్క అట్లాంటాలో చేసినదానికంటె బాపట్లలో చేసినది మనకు పనికివచ్చును.

పట్టీ వేయు పని చదువురానివారికిని సాధ్యమని కొందరందురు. ఆశా కార్యకర్తలు కొలది శిక్షణతో వేయగలరనుటలో మాకు సందేహము లేదు. కాని పట్టీ వేసిన పిదప చూడవలసిన దొకటి యున్నది. సూదిమందులో సీసా ఖాళీయైనది కంటికి కనబడును. పట్టీలో మందు లోనికి పోయినదో లేదో ఎట్లు తెలియును? నిమిషములు గడచిన పిమ్మట పట్టీని తీసి వెలుతురునకు ఏటవాలుగా పట్టి చూడవలెను. కొనలు కరిగి మొండిమొదళ్ళు మాత్రము మిగిలియున్న మందు చేరినట్లే. చెమటచేతనో, బిడ్డ చేయి లాగుకొనుటచేతనో కొనలు వాడిగా నిలిచియున్నచో మోతాదు అందలేదని లెక్క. అట్టి బిడ్డకు వెంటనే రెండవ పట్టీ వేయవలెనా, సూదిమందే ఇయ్యవలెనా, సగము కరిగిన పట్టీని ఏ లెక్కలో వ్రాయవలెను అను నియమములను, మొదటి పట్టీ లంక దాటకముందే ఏ.ఎన్.ఎం. చేతి పుస్తకములో అచ్చువేసి ఇయ్యవలసియుండును.